విప్పని పెట్టెలు

ఆవిడ సంచి సర్దుతోంది. టవళ్ళు, ఫ్లాస్కు, ఆయన కళ్ళజోడు డబ్బా. ఆస్పత్రి మంచం మీద పడుకున్నది ఆయన. ఒళ్ళు హూనమైంది మాత్రం ఆవిడకి. మంచం పక్కన కుర్చీలోనే వారమంతా గడిపింది మరి.

డాక్టరు గదిలోకి వెళ్ళిన ఆయన నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"ఏమన్నారండీ?"

"ఏమంటారు? గుండె గట్టిదేనట. మెట్లెక్కొద్దు, ఉప్పు తగ్గించు. అంతే."

"మరి మొహం అలా వేలాడేశారేం?"

"ఉప్పు లేకుండా నీ చేతి వంట తలచుకుని."

"వేళాకోళం చాలు. కళ్ళు తిరుగుతున్నాయంటే నాకూ సూదులు గుచ్చారుగా, నాదేం తేలింది?"

"రక్తం తక్కువట. టానిక్ రాశారు. పద, టాక్సీ వచ్చేసింది."

ఆవిడ నమ్మలేదు. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన చెవి వెనక గోక్కుంటాడు. డాక్టరు మాటలు చెబుతూ గోక్కున్నాడు. గుండె సంగతి దాస్తున్నాడని ఆవిడకి అర్థమైపోయింది.

ఇంటికొచ్చిన సాయంత్రమే ఆయన బీరువా మీంచి ఒక పెట్టె దించాడు. సంచిలోంచి టవళ్ళు తీస్తున్న ఆవిడ అది చూసి ఆగిపోయింది.

ఆ బీరువా మీదున్నవన్నీ బొమ్మ విమానాల పెట్టెలు. లోపల ప్లాస్టిక్ ఫ్రేములకి అంటుకుని సన్న సన్న ముక్కలుంటాయి. వాటిని కోసి, అరగదీసి, అతికించి, రంగు వేస్తే అరచేతిలో పట్టే విమానం తయారవుతుంది. కొత్త పెట్టె ఎక్కడ కనిపించినా ఇద్దరూ కలిసి కొనేవాళ్ళు. పైన బొమ్మ చూసి ఎంచేది ఆవిడ. కట్టడం మాత్రం ఏనాడూ జరగలేదు. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. పగలంతా సన్న ముక్కలతో కుస్తీ పట్టిన చేతులు ఇంటికొచ్చాక మళ్ళీ వాటి జోలికి పోనన్నాయి. దాంతో బీరువా మీదా, మంచం కిందా, చివరికి వంటింటి అటక మీదా పెట్టెలే.

"వీటిల్లో ఒక్కటైనా విమానంగా కళ్ళారా చూసే యోగం ఉందా నాకు?" అని ఆవిడ సణిగినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"పిచ్చిదానా, పెట్టె విప్పనివాడికి చావు రాదే. పని మిగిలి ఉన్నవాణ్ణి ఎలా తీసుకెళ్తారు?"

పెట్టెలు పోగేసేవాళ్ళంతా చెప్పుకునే జోకు అది. వయసులో ఉండగా ఆవిడా నవ్వింది. ఒక్కొక్కరే తెలిసినవాళ్ళు వెళ్ళిపోవడం మొదలయ్యాక నవ్వడం మానేసింది. ఇంట్లో పెట్టెలు ఉన్నంతకాలం ఆయన ఉంటాడు. అది ఆవిడ లెక్క.

ఇప్పుడు ఆ పెట్టెలే ఆయన ఖాళీ చేస్తున్నాడు.

పొద్దున లేస్తే అదే పని. ఒకదాని రెక్క ఆరుతుండగానే ఇంకో పెట్టె విప్పేవాడు. గడియారంలో వెంట్రుక పడితే సహించని మనిషి, అతుకు కాస్త వంకరపోయినా రబ్బరు బ్యాండు చుట్టి ముందుకి పోతున్నాడు.

ఆవిడ చేయగలిగిందంతా చేసింది. జిగురు ట్యూబు చక్కెర డబ్బా వెనక దాచింది. తుడుస్తున్నట్టు నటించి ఒక చక్రాన్ని మంచం కిందికి తోసింది. ఆయన పాక్కుంటూ వెళ్ళి తెచ్చుకున్నాడు. పెద్దమ్మాయి వస్తే పంచాయితీ పెట్టింది.

"మీ నాన్నకి నువ్వైనా చెప్పవే."

"బాగుందమ్మా! కట్టమని ఇన్నేళ్ళూ ఆయన ప్రాణం తీసింది నువ్వేగా?"

"ఆ మాట అనకే!" అంది ఆవిడ, ఉలిక్కిపడి.

కూతురు వెళ్ళాక ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అంత తొందరేంటండీ? ఎవరైనా తరుముకొస్తున్నారా?"

ఆయన తలెత్తలేదు. "టైము లేదే" అన్నాడు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఎండలు పోయి వానలు పట్టేసరికి ఒక్క పెట్టె మిగిలింది. అన్నిటికంటే ముందు ఇంటికొచ్చిన ఎర్ర విమానం. ఆవిడ దాన్ని కుర్చీలో పెట్టి, దాని మీద కూర్చుంది.

"లేవవే."

"లేవను. ఇదొక్కటీ ఉండనీయండి."

"నువ్వు ఎంచిందేగా. చూడాలని లేదూ?"

"లేదు."

ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు. మోకాళ్ళు పటపటమన్నాయి. "అట్ట నలుగుతోందే. లే, నువ్వు ముక్కలు కోసివ్వు, నేను అతికిస్తా" అన్నాడు. ఆ గొంతు బతిమాలుతున్నట్టుంది. పోట్లాడే ఓపిక ఆవిడకీ లేదు. లేచింది.

ఇద్దరూ కలిసి కట్టారు. విమానం పొట్ట మూసేముందు ముక్కులో చిన్న బరువు పెట్టాలి, లేకపోతే అది తోక మీద కూర్చుంటుంది. తొందరలో ఆయన ఆ సంగతి మరిచాడు. ఎర్ర విమానాన్ని బల్ల మీద పెట్టగానే తోక మీద చతికిలపడి, ముక్కు పైకెత్తింది.

"అదిగో! దానికీ ఇష్టం లేదు. ఊడదీసి మళ్ళీ చేయండి. నిదానంగా చేయండి" అంది ఆవిడ ఆశగా.

"వద్దులే. అలా ఉంటేనే నీ మొహంలోకి చూస్తున్నట్టుంది."

అల్మారా నిండా విమానాలు. ఏది ఏ పెట్టెదో గుర్తుపడుతూ ఆవిడ చాలాసేపు చూసింది. అందంగా ఉన్నాయని ఒప్పుకోక తప్పలేదు. ఆ తర్వాత రోజూ ఆయన్ని కనిపెట్టుకుని కూర్చుంది. ఆయన దగ్గితే కంగారు, దగ్గకపోయినా కంగారు.

డాక్టరు ఆవిడ గురించి ఆయనొక్కడికే చెప్పిన గడువు ఇంకా తీరకముందే, ఆ తర్వాతి మంగళవారం ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రానిది ఆవిడ.