మొన దాచిన గాలం

"ఇక్కడ ఈ గాలమే," అన్నాడు ఆల్విస్, పెట్టెలోంచి ఒకదాన్ని ఏరి తీసి. "ఇంకోటి వద్దు."

డాక్టర్ ప్రెంటిస్‌కు విసుగొచ్చింది. చేపల పోటీ ముగిసే వేళ దగ్గర పడుతోంది. పడవ తొట్టెలో బాస్ రకం చేపలు మంచివే ఉన్నాయి. ఇంకొక్క పెద్దది పడితే కప్పు ఆయనదే. హ్యూస్టన్‌లో ఏడాది పొడవునా జనం పళ్లు పీకడం, వసంతంలో ఈ రిజర్వాయర్‌కొచ్చి ఓడిపోవడం ఆయనకు అలవాటైపోయింది. ఈసారి ఆ పెద్దది ఎక్కడుందో కూడా తెలిసింది. నీటి అడుగు చూపించే కొత్త యంత్రాన్ని పడవకు బిగించుకున్నాడు. అందులో అడుగున చిన్న మిట్ట, దాని పక్కనే లావుపాటి చేప గీత కనిపిస్తున్నాయి.

ఆల్విస్ ఈ చోటికి రానన్నాడు. అక్కడేమీ లేదన్నాడు. ఈ నీళ్ల కింద మునిగిన ప్రతి మొద్దూ ప్రతి రోడ్డూ తెలిసిన గైడు అతను. అతని మాట కాదని యంత్రం మాట నమ్మాడు డాక్టరు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మొండివాడే డబ్బిచ్చేవాడైతే ఇక చెప్పాలా?

ఆల్విస్ పడవ ఆపాడు. అతని ముఖంలో కోపం లేదు, ఇష్టమూ లేదు. చాలా ఏళ్లుగా అది అలాగే ఉంటోంది.

ఊదారంగు ప్లాస్టిక్ వానపాముకు గాలం గుచ్చాడు. తలలోంచి దించి, తిప్పి, మొనను మళ్లీ దాని ఒంట్లోనే దాచేశాడు. దానికి ముందు సీసపు గుండు. ఇలా కడితే ఎర పొదల్లోంచీ కొమ్మల్లోంచీ దేనికీ చిక్కుకోకుండా జారిపోతుంది. చేప నోట కరిచాక గట్టిగా లాగితేనే మొన బయటికి పొడుచుకొస్తుంది.

డాక్టరు విసిరాడు. చేప కొట్టింది, లాగాడు. నమిలిన వానపాము ఒక్కటే పైకొచ్చింది. మళ్లీ విసిరాడు. మళ్లీ అంతే.

"ఇంత లావు వానపాముకు ఇంత ఇరుకు వంపు గాలమేంటి పెద్దాయనా? మొన బయటికెలా వస్తుంది? ఇది నాకు నేర్పింది నువ్వే కదా."

"ఇక్కడ ఇది చాలు డాక్టరుగారూ."

"నా దగ్గరికొచ్చే పేషెంట్లు కూడా నోరు తెరవడానికి ఇంత సతాయించరు."

ఆల్విస్ నవ్వలేదు. డాక్టరు మరోసారి విసిరి, మెల్లగా లాగుతూ ఆగిపోయాడు. సీసపు గుండు దేనికో తగులుతోందట. మట్టీ కాదు, కర్రా కాదు, ఇనుములా ఉందట. చూడమని గాలపు కర్ర ఆల్విస్ చేతికిచ్చాడు.

ఆల్విస్ దారాన్ని వేలిమీద ఆనించుకుని లాగాడు. టక్. కాస్త ఆగి, ఇంకాస్త లాగాడు. టక్. టక్. పడవను చుట్టూ తిప్పి అవతలి పక్కనుంచీ లాగాడు. అక్కడా టక్కుమంది. డాక్టరు వాచీ చూసుకున్నాడు. ఏమైనా అనిపిస్తుందేమోనని ఆల్విస్ ఎదురుచూశాడు. ఏమీ అనిపించలేదు. వేలికి తెలిసింది లోపలికి చేరలేదు.

"ఏంటది?"

"ఏదో పాత కంచె."

"కంచె దగ్గరే పెద్దవి కాపురముంటాయని కూడా నువ్వే చెప్పావు," అంటూ డాక్టరు కర్ర లాక్కున్నాడు. తన సొంత పెట్టెలోంచి మొన బయటికుండే గాలం తీసి కట్టుకున్నాడు. చేప తాకితే చాలు గుచ్చుకునే రకం. చేపకే కాదు, అడుగున ఏది తగిలినా దానికి గుచ్చుకుని పెకలించుకొచ్చే రకం.

"అది వద్దు," అన్నాడు ఆల్విస్. "ఇంకెక్కడైనా వేసుకోండి. ఇక్కడ వద్దు."

డాక్టరు కర్ర ఎత్తాడు. ఆల్విస్ జేబులోంచి చాకు తీసి దారం కోసేశాడు. గాలం పడవలోనే పడింది.

ఆల్విస్ మోటారు తిప్పి, పడవను ఒడ్డుకు మళ్లించాడు.

కప్పు ఇంకెవరికో పోయింది. వచ్చే ఏడాది వేరే గైడును చూసుకుంటానని, తన స్నేహితులకూ అదే చెబుతానని డాక్టరు ఒడ్డున అందరి ముందూ అన్నాడు. ఆల్విస్‌కు మతి తప్పిందని పక్క పడవలవాళ్లు నవ్వుకున్నారు. గాలం ఎంచడంలో ఈ కౌంటీలో అతన్ని మించినవాడు లేడని నిన్నటిదాకా అన్నది వాళ్లే. ఈ ఊళ్లో ఒక గైడు బతకాలన్నా మునగాలన్నా ఆ ఒడ్డునే. ఆల్విస్ సరేనని తలూపి ఇంటికెళ్లాడు.

అతనికన్నా ముందే కబురు చేరింది. భార్య ఒలీటా చిక్కుళ్లూ మొక్కజొన్న రొట్టే పళ్లెంలో పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఆ మిట్ట దగ్గరికేనా డాక్టర్ని తీసుకెళ్లింది?"

"ఊఁ."

"గాలం దేనికైనా తగులుకుందా?"

"లేదు. మొన దాచిందే కట్టాను."

ఒలీటా గ్లాసులో నీళ్లు పోసి అతని ముందు పెట్టింది.

"కంచె ఉందా, ఇంకా?"

"ఉంది. నాలుగు వైపులా ఉంది."

ఆమె లేచి అతని పళ్లెంలో ఇంకో రొట్టె ముక్క వేసింది. అతను తిన్నాడు.

రిజర్వాయర్ నిండకముందు అధికారులు ఇల్లిల్లూ తిరిగి సమాధులన్నీ తవ్వించి ఎత్తు ప్రాంతానికి మార్పిస్తున్నప్పుడు, ఆ మిట్ట మీద కంచె లోపల నిద్రపోతున్న తమ పాపను ఎవరూ లేపడానికి వీల్లేదని ఒలీటా అంటే, తమ పొలంలో సమాధులేమీ లేవని చెప్పి వాళ్లను పంపేసింది ఆల్విసే.