చకలీ పంటి నొప్పి

"దీనికి ఏం పెట్టారు?" అని పశువుల డాక్టర్ మరాఠీలో రెండోసారి అడిగాడు.

రత్నాబాయి నేలచూపులు చూసింది. స్టీలు బల్ల మీద వాళ్ల కుక్క చకలీ పక్కకు ఒరిగి వణుకుతోంది. దాని నోటి నుంచి చొంగ తీగలా సాగి బల్ల అంచు దాటి కిందికి కారుతోంది. పొద్దున కక్కిన పాలబువ్వ మరకలు ఇంకా మెడ మీద ఆరలేదు.

"ఏం పెట్టలే సాబ్. పాలు, బువ్వ. గంతే."

"అవ్వా, నిజం చెప్పు!" మనవరాలు సాక్షి ఆమె భుజం పట్టుకుంది. "నేను డ్యూటీకి పోయేటప్పుడు మంచిగనే ఉండె గద. అద్దగంటల నన్ను వాపస్ పిలిపిస్తివి, గింతల గిట్లెట్లయితది?"

తోక చకలీలా, అదే జంతికలా, చుట్టుకుని ఉంటుందని సాక్షే దానికి ఆ పేరు పెట్టింది. వీధికుక్కలను కాపాడే సంస్థ నుంచి దానిని పోయిన నెలే తెచ్చుకుంది. తెచ్చిన వారానికే దాని దవడ వాచింది. రెండు పళ్లు పుచ్చాయనీ, మత్తు ఇచ్చి తీయాలనీ ఇదే డాక్టర్ చెప్పాడు. అందుకయ్యే ఖర్చు విని వాళ్లుండే కామాటిపుర పదకొండో గల్లీ గల్లీయే నవ్వింది. "కుక్కకు పండ్ల డాక్టరా? రేపు కండ్లద్దాలు గూడ కొంటవా పోరీ?" అని పక్కింటి లచ్చయ్య నల్లా దగ్గర అందరూ వినేలా అడిగాడు. సాక్షి మాత్రం దాదర్ బట్టల దుకాణంలో వచ్చే జీతంలోంచి మిగిల్చడం మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనం మానేసి వడాపావ్‌తో సరిపెట్టుకుంటోంది.

రత్నాబాయిని కలవరపెట్టింది ఆ వడాపావే.

"ఆజీ," అని అవ్వను మరాఠీ వరసలో పిలిచి డాక్టర్ గొంతు తగ్గించాడు. "మిమ్మల్ని తిట్టడానికి అడగడం లేదు. ఏం తిన్నదో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది. తెలియకుండా సూది వేస్తే ప్రాణం మీదికి వస్తుంది."

చకలీ కాళ్లు ఒక్కసారి బిగుసుకున్నాయి. రత్నాబాయి ఇక ఆగలేకపోయింది.

"జరంత మశేరి రాసిన సాబ్. నొప్పికి మూలుగుతున్నదని చిగుళ్లకు రాసిన."

"పొగాకా!"

"పొగాకు గాదు సాబ్, మశేరి!" ఆమెకు మనసు చివుక్కుమంది. "పొగాకంటే మా ఇంటాయన నమిలేటోడు. నేను జిందగీల ముట్టలే."

పొగాకును పెనం మీద నల్లగా మాడేదాకా వేయించి నూరితే వచ్చే పొడే మశేరి. ఆ చాళ్లలో, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే ఆ వరస ఇళ్లలో, ఎందరో ఆడవాళ్లకు పొద్దున అదే పళ్లపొడి, మధ్యాహ్నం తలనొప్పికి మందు, సాయంత్రం కాలక్షేపం. పెనం మీదికి ఎక్కేటప్పుడు దాని పేరు పొగాకే. దిగేటప్పటికి పేరు మారిపోతుంది. పేరు మారిందన్న సంగతి కుక్క ఒంటికి తెలియదు.

డాక్టర్ వెంటనే చకలీ నోరంతా నీళ్లతో కడిగాడు. ముందరి కాలికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించాడు. సాక్షి దాని చెవి నిమురుతూ నిలబడింది, అవ్వ వైపు మాత్రం తిరగలేదు. రత్నాబాయి గోడవార బెంచీ మీద కూర్చుని కొంగు చివర వేలికి చుడుతూ, విప్పుతూ ఉండిపోయింది.

"నీ పైసలు మిగులుతయని చేసిన బిడ్డా," అంది చివరికి. "తిండి మానుకుంటున్నవని."

సాక్షి చకలీ మెడ మీది మరకలను చున్నీతో తుడిచింది.

చాలాసేపటికి వణుకు సన్నగిల్లింది. చొంగ ఆగింది. చకలీ తల ఎత్తి, మొదట సాక్షిని, తరవాత రత్నాబాయిని చూసి, తోకతో బల్లను మెల్లగా తట్టింది.

"గండం గడిచింది," అన్నాడు డాక్టర్. "రాత్రికి ఇక్కడే ఉండనివ్వండి. కాస్త కోలుకున్నాక పళ్లు తీసేద్దాం."

సాక్షి కళ్లు తుడుచుకుని సంచీలోంచి కవరు తీసింది. "సగం జమైంది సార్. మిగతాది పగారు రాంగనే కడ్త. ఇంక లేటు చెయ్య."

"మంచిది. ఆజీ, మీరు కూడా ఆ పొడి మానేయాలి. కుక్కకు చేసిన చెడు మనిషికి చేయదా?"

కుక్క బతికింది కనుక రత్నాబాయికి ప్రాణం లేచొచ్చింది, దానితోపాటు నోరూ లేచింది. "ఏం మాట్లాడుతవు సాబ్! చిన్న పోరిగున్నప్పటి సంది రాస్తున్న. మా చాల్ల నా ఈడు ఆడోళ్లందరియి కట్టుడు పండ్లే. నాయి చూడు, అస్లీ!" అంటూ నోరు బార్లా తెరిచింది.

గుమ్మం దగ్గర పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒకాయన పకపకా నవ్వాడు. డాక్టరూ నవ్వుతూనే చకలీ నోట్లో వేసిన టార్చ్ ఇటు తిప్పాడు.

"బుగ్గ కొంచెం పక్కకు లాగండి ఆజీ... ఇటు... ఇంకొంచెం."

రత్నాబాయి సంతలో గిత్త పళ్లు చూపించే ఆసామిలా, అడిగినట్టల్లా చూపించింది.

"ఏం సాబ్? ఒక్కటన్న కదుల్తున్నదా?"

"లేదు ఆజీ. పళ్లు చాలా గట్టివి."

"ఇన్నవా పోరీ!" రత్నాబాయి సాక్షి భుజం మీద చరిచింది. ఈసారి సాక్షికీ నవ్వు వచ్చింది.

డాక్టర్ టార్చ్ ఆర్పి, సాక్షి చాపిన కవరును మెల్లగా ఆమె చేతిలోకే నెట్టాడు.

"నొప్పికి మాత్రలిస్తాను, చకలీ పళ్లు ఇంకో నెల ఆగుతాయి, ఆజీ బుగ్గ లోపల మశేరి రాసే చోట ఉన్న తెల్లమచ్చను మాత్రం రేపే పెద్ద ఆసుపత్రిలో చూపించు."