ముగ్గురు కలిస్తే తొమ్మిది

“పరీక్షలా? చంటిదాన్నెవరు చూస్తారు?” అంది అత్తగారు.

“వంటెవరు చేస్తారు?” అంది ఆడపడుచు.

“అయినా ఈ వయసులో పదో తరగతి దేనికి?” అన్నాడు లెక్కల మాస్టారు, అంటే సాక్షాత్తూ మొగుడు.

కోడలి వయసు ఇరవై మూడు. ఫారం ఇవ్వడానికి ఈ సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. దాని మీద ఎవరైనా టీచరు సంతకం కావాలి. టీచరు ఇంట్లోనే ఉన్నాడు, అదే వచ్చిన చిక్కు. ముగ్గురూ ఒక్క గొంతుతో కాదనేసరికి కంచాలు తీసింది.

మాస్టారు చెయ్యి కడుక్కుని కంప్యూటర్లో యుద్ధానికి కూర్చున్నాడు. రెండు వందల ఏళ్ల కిందట ముప్పై మూడు ఓడలున్నవాడు ఇరవై ఏడున్నవాడి చేతిలో చిత్తయ్యాడట. ఆ ఓడినవాణ్ణి లెక్కలతో గెలిపించాలని నెల రోజులుగా ఈయన నిద్ర మానేశాడు. ఆహారం మాత్రం మానలేదు.

“అన్ని ఓడలుండీ ఎందుకోడిపోయాడండీ?” అని అడిగింది, పాపను భుజాన జోకొడుతూ.

“నీ బుర్రకెక్కదులే. మూడు ఓడలు కలిసుంటే బలం మూడు కాదు, మూడు మూళ్లు తొమ్మిది. విడదీసి పట్టుకుంటే ఒక్కోదాని బలం ఒకటే. అవతలివాడు వీడి వరసని మధ్యకి చీల్చేశాడు.”

“అబ్బో, ఎంత తెలుసండీ మీకు!”

ఆయన మీసం దువ్వుకున్నాడు.

వంటింట్లో అత్తగారు ఒక్కతే దొరికింది.

“పాపని మూడు గంటలు పట్టుకోవడం మీ వల్ల కాదులెండి అత్తయ్యా. పెద్దవారయ్యారు.”

“ఎవరే పెద్దది? నలుగుర్ని పెంచిన చేతులివి! ఒళ్లోంచి దించితే అడుగు!”

మేడ మీద ఆడపడుచు బట్టలారేస్తోంది.

“పరీక్షలున్న ఐదు రోజులూ అత్తయ్యే వండుతారేమో వదినా. మళ్లీ ఆ ఉప్పులేని కూరలు...”

“అమ్మ వంటా? నీకు పుణ్యముంటుంది, నేనే వండుతా!”

నాలుగున్నరకి ఫారం మాస్టారి ముందు పెట్టింది.

“అమ్మేమంది?”

“పాపని చూస్తానన్నారు.”

“అక్క?”

“వండుతానన్నారు.”

ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు. వెనక ఒక్క ఓడా లేదు. సంతకం గీకాడు.

గీకి, మళ్లీ తెరలోకి తల దూర్చి గొణిగాడు. “పదివేలసార్లు ఆడించాను. చీలకుండా ఉంటే వాడిదే గెలుపు. అసలు చీల్చాలన్న కిటుకు శత్రువుకెలా తెలిసిందో, అదొక్కటే లెక్కకందడం లేదు.”

ఆవిడ ఫారం మడిచి సంచిలో పెట్టుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

“భోజనమయ్యాక ఆ ఓడినవాడే పెళ్లానికి చెప్పుంటాడు లెండి.”