ఉడుం వదిలిన పట్టు

“ఇంతకీ ఎలా విడిపించుకున్నావు తమ్ముడూ?”

పంక్చరైన స్కూటర్‌ను తోసుకొచ్చిన మాస్టారు అడిగింది స్కూటర్ గురించి కాదు. పంక్చర్లు వేసే కుర్రాడు తల ఎత్తకుండా టైరు అంచులోకి ఇనుప పట్టీ దూర్చి, ట్యూబును బయటికి లాగాడు. జవాబు బావ చెప్పాడు. ఆ టైర్ల దుకాణంలో పెట్టుబడి బావది, పని బావమరిదిది, మాటలు మాత్రం రెండువైపులవీ బావవే.

“మా ఆవిడ తమ్ముడండీ వీడు. ఆ ఇంట్లోవాళ్లకి పట్టుకోవడమూ తెలుసు, జారిపోవడమూ తెలుసు. మధ్యలో దొరికిపోయింది నేనొక్కణ్ణే.”

మాస్టారు నవ్వారు. “మొన్నమొన్నటిదాకా మీ ఆటని వీధి కొట్లాట అనుకున్నామయ్యా. ఇప్పుడు మా క్లాసులో లెక్కలు చెబుతుంటే వెనక బెంచీలో మెడపట్లు పడుతున్నారు. మా అమ్మాయి కూడా నేర్చుకుంటానని ఒకటే గొడవ!”

“చేర్పించండి. రేపు అల్లుడు అదుపులో ఉంటాడు,” అన్నాడు బావ.

అతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తూ ఉండిపోయాడు. మాస్టారి ప్రశ్నకు జవాబు అతనికి తెలుసు. పైకి చెప్పదగినదిగా మాత్రం తోచలేదు.

గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన ఆ ఆటలో అతనికి అంతకుముందు చెప్పుకోదగ్గ గెలుపు ఒక్కటీ లేదు. ఎదుటివాడు ఏళ్ల తరబడి ఛాంపియన్. ఆ చెయ్యి మెడకు చుట్టుకుంటే విడిపించుకున్నవాడు లేడు కనుకే జనం అతనికి ఉడుం అని పేరు పెట్టారు. ఆ రోజు ఇనుప వలల పంజరంలో ఉడుం చెయ్యి అతని మెడను చుట్టుకుంది. జనం అప్పటికే లేచి ఇళ్లకు బయలుదేరారు. అంతలో ఆ పట్టు ఉన్నట్టుండి సడలింది. అతను జారి, లేచి, ఒకే ఒక్క గుద్దు గుద్దాడు. కూలింది ఉడుం. ఇళ్లకు బయలుదేరినవాళ్లు వెనక్కి వచ్చి కుర్చీలెక్కారు.

స్కూటర్ బాగై మాస్టారు వెళ్లిపోయారు. బావ భోజనానికని ఇంటికి బయలుదేరాడు. అతను పనిముట్లు తుడుచుకుంటూండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. నలిగి ముద్దైన చెవులు. కణతల దగ్గర నెరిసిన జుట్టు. ఉడుం.

“అన్నా!” అంటూ అతను గబుక్కున లేచాడు. “ఒక్క మాట కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా.”

“కూర్చో తమ్ముడూ. దెబ్బలాటకి రాలేదు.” ఉడుం పాత టైర్ల దొంతర మీద కూర్చున్నాడు. “ఆట మానేస్తున్నా. అందరికీ చెప్పేశాను. ఒక్క సంగతి మాత్రం నిన్ను అడగాలి. నువ్వు తట్టావా?”

అతను తుడిచిన ఇనుప పట్టీనే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

పట్టులో చిక్కినవాడు అరచేత్తో ఎదుటివాడి ఒంటిని తడితే ఓటమి ఒప్పుకున్నట్టే. పోటీలో రిఫరీ ఆపేదాకా పట్టు వదలనక్కర్లేదు. సాధనలో అలా కాదు. తట్టు తగిలిన మరుక్షణం, ఆలోచన కంటే ముందే చెయ్యి వదిలేయాలి. ఎదుటివాడి ఊపిరి మనకు అప్పగించినది, దాని మీద మనకు హక్కు లేదని ఉడుం తన శిష్యులందరికీ మొదటి పాఠంగా చెబుతాడు.

“మోచేతి దగ్గర ఏదో తగిలినట్టు అనిపించింది,” అన్నాడు ఉడుం. “అలవాటు కొద్దీ వదిలేశాను. తర్వాత వీడియో చూశాను. అటువైపంతా రిఫరీ వీపు అడ్డం. పట్టు వదలడం కనిపిస్తోంది. ఎందుకు వదిలానో కనిపించడంలేదు.”

“ఇప్పుడు తెలిసి ఏం లాభం అన్నా?”

“ఛాంపియన్ బెల్టు కోసం అడగడంలేదురా. అది నీదే. నువ్వు తట్టి ఉంటే, నేను నేర్పినదాన్ని నేనే పాటించి ఓడిపోయినట్టు. అది నాకు చాలు. తట్టకపోతే...” ఉడుం తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, అది పరాయిదైనట్టు చూశాడు. “ఇది నాతో చెప్పకుండా తెరుచుకున్నట్టు. ఆట మానేసినా దీన్ని వెంటబెట్టుకునే బతకాలి కదా.”

అతనికి జీవితంలో తనదని చెప్పుకోడానికి ఉన్నది ఆ ఒక్క గెలుపు. అవునంటే అదీ దొంగసొత్తవుతుంది. అదీ ఎవరి ముందు? ఎవరి ఆట చూసి ఈ ఆటలోకి వచ్చాడో, ఆ మనిషి ముందు.

“చెప్పరా. మూడో మనిషికి తెలియదు.”

అతను తల వంచుకున్నాడు.

“తట్టాను అన్నా. రిఫరీ చూడలేదు. నువ్వు వదిలేశావు. నేను... ఆట సాగించాను.”

 ఉడుం పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

“దొంగవెధవా! నాకు తెలుసురా. తట్టందే నా చెయ్యి వదలదు.” లేచి వచ్చి అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. అంతలోనే ముఖం గంభీరమైంది. “ఎవరికీ చెప్పను. కానీ మళ్లీ ఎప్పుడూ ఇలాంటి పని చెయ్యకు. తట్టినవాడు ఆగాలి. ఆ మాత్రం నిజాయితీ లేకపోతే ఇది నిజంగానే వీధి కొట్లాట.”

“చెయ్యనన్నా.”

“మొహం ఎత్తి చెప్పు.”

అతను మొహం ఎత్తాడు. “చెయ్యనన్నా. తప్పయింది.”

ఉడుం కుడిచెయ్యి ఊపుకుంటూ, ఎండలో తేలికగా నడిచి మలుపు తిరిగాడు. ఎదురొచ్చిన బావ గుర్తుపట్టి పరుగున లోపలికి వచ్చాడు.

“ఉడుమేనా? ఏమిట్రా, ఏమన్నాడు?”

“చీవాట్లు పెట్టాడు బావా.”

“ఓడినవాడు గెలిచినవాడికి చీవాట్లు పెట్టడమేమిట్రా? నువ్వు పడటమేమిటి?”

అతను పనిముట్లు పెట్టెలో సర్దాడు.

ఆ రోజు పంజరంలో అతను తట్టనే లేదు.