మానిటర్‌కి దిష్టిచుక్క

"దీంట్ల సుత ఉన్నది," అన్నాడు విక్రమ్, ఎడమ కన్ను గట్టిగా మూసుకుని.

అమీర్‌పేటలో అది వాళ్లెక్కిన నాలుగో దుకాణం. బల్ల మీద ఇరవై నాలుగు అంగుళాల మానిటర్ అప్పుడే సున్నం వేసిన గోడలా తెల్లగా వెలుగుతోంది.

"ఏడ?" అంది అతని భార్య నవీన, సోడాబుడ్డి కళ్లద్దాలు పైకి తోసుకుంటూ.

"నడుమల, జర కుడి దిక్కు. నల్ల చుక్క. ఆవగింజంత."

"నా కండ్లకు ఏనుగే ఆవగింజంత కొడ్తది. ఇగ ఆవగింజ ఏం కనబడాలె?"

విక్రమ్ కన్ను అలాంటి ఇలాంటి కన్ను కాదు. పక్కూరి పెళ్లిలో వడ్డించబోయే పప్పులో రాయిని తన వాకిట్లోంచే చూసి, తినొద్దని కబురు పంపాడట. కబురు చేరేలోపు పెళ్లిపెద్ద పన్ను విరిగిందని, కావాలంటే ఆ పన్ను చూసిరమ్మని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. అతని తండ్రి ఐలయ్య వడ్రంగి. చెక్కను కంటి ఎదుట ఎత్తిపట్టి, ఎడమ కన్ను మూసి, వంకర చూసేవాడు. కొడుక్కీ అదే నేర్పాడు.

"రెండు కండ్లతోని చూస్తే లోకం కనబడ్తది బిడ్డా. ఒంటికన్నుతోని చూస్తేనే తప్పు కనబడ్తది."

ఆ చూపే ఇప్పుడు అన్నం పెడుతోంది. కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో, ఆటలు ఆడి వాటిలో తప్పులు పట్టడం విక్రమ్ ఉద్యోగం. ఊళ్లో వాళ్లకి ఆ ఉద్యోగం సంగతి చెబితే, పప్పులో రాయి కథ కంటే పెద్ద కోతలని నవ్వారు.

అయితే పోయిన వారం ఇంట్లో పరీక్షించిన ఆటలో ఒక తప్పు అతని చూపు దాటిపోయింది.

"ఇంకోసారి ఇలా జరిగితే మిమ్మల్ని ఉంచలేమండీ," అంది పై అధికారి మంజూష, నవ్వుతూనే. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ అతని వీపున చెమట పడుతోంది. ఇంటికెళ్లి పాత మానిటర్‌ని ఒంటికన్నుతో చూస్తే, నడుమ నల్ల చుక్క. తప్పు దాని వెనకే దాక్కుందని తేల్చుకున్నాడు. సోమవారం నుంచి కొత్త ఆటను ఇంట్లోనే పరీక్షించాలి. ఆడేటప్పుడు బొమ్మ తడబడకూడదు, రిపోర్టు రాసేటప్పుడు అక్షరం చెదరకూడదు. రెంటికీ ఒకటే తెర, అదీ తన జీతానికి అందేది. అన్నిటికంటే ముందు, చుక్క ఉండకూడదు.

"దుర్గేష్ భాయ్, గీ చుక్క సంగతేంది?"

దుకాణదారు ఫోన్‌లోంచి తలెత్తలేదు. "ఒక్క చుక్కనే గదన్నా. ఈ మాల్ మొత్తం గట్లనే వచ్చింది. ఫికర్ చెయ్యకు, ధర తగ్గిస్త."

"ఇన్నవా? ఒప్పుకున్నడు," అన్నాడు విక్రమ్, బయటికి రాగానే. "నాలుగు దుకాండ్లు, నాలుగు కంపెనీలు. చుక్క మాత్రం ఒక్కటే జాగల. ఖరాబు మాల్ తెచ్చి అమీర్‌పేటంత నింపిన్రు."

"నీ కన్ను పడ్తదని ముందుగాల్నే దిష్టిచుక్క పెట్టిన్రేమో!"

అతను నవ్వలేదు. మెట్రో స్తంభాల దుమ్ములోంచి ఆటో వాళ్లని పంజాగుట్టలో దింపింది.

అక్కడ బుచ్చిబాబు దుకాణం. "సీలు మీ ఎదురుగానే తీస్తానండి," అంటూ ఆయన పెట్టె చింపాడు. థర్మాకోల్ అట్టలు కీచుమంటూ ఊడొచ్చాయి. తెర తెల్లగా వెలిగింది.

విక్రమ్ ఎడమ కన్ను మూశాడు.

"ఉన్నది."

"ఏంటండీ ఉన్నది?" బుచ్చిబాబు వంగి చూశాడు. కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు, రుమాలుతో తెర తుడిచాడు. "నా పిల్లల మీద ఒట్టు, మచ్చే లేదు."

"అమ్మేటోళ్లందరు గట్లనే ఒట్లు పెడ్తరు."

"ఏంటి బాబూ ఆ మాట! పట్టుకెళ్లండి. చుక్క ఉందని తేలితే వారంలోగా వాపసు తీసుకుంటాను. పెట్టె, అట్టలు మాత్రం పదిలంగా ఉండాలి."

నవీన భర్త చెయ్యి పట్టుకుంది. బయట ఎండ మండుతున్నా అతని అరచెయ్యి చల్లగా ఉంది.

"తీసుకుందాం తియ్. రెండు కండ్లతోని చూస్తే సాఫ్‌గనే ఉన్నదిగా?"

"సాఫ్‌గనే ఉన్నది. గదే భయమైతుంది నవీనా. దాక్కుంటుంది."

ఎస్.ఆర్. నగర్‌లో రెండంతస్తులెక్కి, గదిలో పెట్టె విప్పారు. నవీన మానిటర్‌కి స్టాండు బిగిస్తోంది. వైరు ఇంకా చుట్టలోనే ఉంది. విక్రమ్ నేల మీద కూలబడి సోమవారం గురించే ఆలోచిస్తున్నాడు. రెండేళ్లుగా ఈ గది అద్దె, నవీన కోచింగ్ ఫీజు, ఊళ్లో నాన్న మందులు, అన్నీ ఈ ఒక్క కన్ను మీదే నడుస్తున్నాయి.

"గట్ల కూసోకపోతే, అట్టలు ఇరిగినయో మంచిగున్నయో చూడరాదు? వాపసియ్యాల్నంటే కావాలె."

అతను ఒక అట్ట తీసుకున్నాడు. నాన్న చెక్కను పట్టుకున్నట్టే, అలవాటుగా కంటి ఎదుట ఎత్తిపట్టాడు. ఎడమ కన్ను మూశాడు.

"ఏమన్న ఇరిగిందా?" అంది నవీన స్క్రూ తిప్పుతూ.

విక్రమ్ అట్టను పక్కకి జరిపి మళ్లీ చూశాడు.

తెల్లటి థర్మాకోల్ మీద అదే చుక్క ఉంది, నడుమ, కాస్త కుడివైపు.