బ్లీచింగ్ మీద యాసిడ్

“వదినా, తలుపు తియ్యి!”

పుట్టింటికొచ్చిన ఆడపడుచు బాత్రూం తలుపు దబదబా బాదింది. సందులోంచి వస్తున్న ఘాటుకు ఆమె గొంతు మండిపోతోంది.

“ఆగు, కడుగుతున్నా!” లోపలి నుంచి దగ్గు. “బ్లీచింగ్ చల్లి, పైన యాసిడ్ పోశా. రెండూ కలిస్తే తళతళలాడాలి.”

“రెండూ కలిస్తే విషవాయువొస్తుంది! బయటికి రా!”

గడియ తీసిన చప్పుడైంది. ఎర్రబడ్డ కళ్ళతో వదిన గోడ పట్టుకుని బయటపడింది.

“ఎందుకింత పంతం, వదినా?”

“పొద్దున లోపలికెళ్ళి, ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చావుగా. మళ్ళీ నీచేత మాట పడాలా?”

ఆడపడుచు గతుక్కుమంది. “అది మురికికి కాదు. ఏ వాసనా పడటం లేదు వదినా... మూడో నెల. ఇక్కడెవరికీ ఇంకా చెప్పలేదు.”

వదిన దగ్గుతూనే ఆమె రెక్క పట్టుకుని వీధి గుమ్మంవైపు ఈడ్చింది.

“అది కడుపులో పెట్టుకుని ఈ గాలిలో నిలబడ్డావేమే! నడు బయటికి!”