తంగేడు మేత

మేత బీళ్లలో వయ్యారిభామ కలుపు పీకే కూలీలు రావడం మానేసి చాన్నాళ్లయింది. ఇప్పుడు ఊరంతటికీ ఒకే యంత్రం. గొర్రెలు తిన్న మొక్కను మేత అనుకుని వదిలేస్తుంది, ముట్టని మొక్కను కలుపు అనుకుని పీకేస్తుంది. సాయంత్రం మందను దొడ్డికి తోలేదీ అదే.

ఆరోజు అది కాపరి ఓబుళమ్మ మొగుడి సమాధి దగ్గర తంగేడు ముందు ఆగింది. తంగేడును గొర్రెలు ముట్టవు.

"అది కలుపు కాదురా! మా ఆయప్ప తలకాడ నేను నాటిండేది," అంది ఓబుళమ్మ.

యంత్రం చేయి చాపింది. ఓబుళమ్మ గబుక్కున మోకాళ్ల మీద వంగి, వగరు ఆకును నోటితోనే కొరికి నమిలింది.

"మేత," అని యంత్రం పక్కకు జరిగింది.

పొద్దుగూకాక యంత్రం మందను తోలుతూ వచ్చి, గొర్రెల వెనక నిలబడినట్టే ఆమె వెనకా నిలబడింది.

"హెయ్, ఇంటికి పా!"

మొగుడు పోయాక ఆమెతో ఆ మాట అన్నవాళ్లే లేరు. ఓబుళమ్మ లేచి, గొర్రెల్లో కలిసి నడిచింది.